ఆ రోజు నేను బెలూన్ వదల్లేదు

12 సెప్టెంబరు 1979, బుధవారం

నాన్న బెత్తం పట్టుకుని నేర్పిన తెలుగు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్ళు లేరు, నేను తప్ప చదవగలిగిన వాళ్ళూ లేరు. సౌభాగ్యం తమిళ వారపత్రికలు చదువుతుంది. పిల్లలిద్దరికీ ఇంగ్లీషు. ఈ తమిళ ఊళ్ళో, మా ఆఫీసులో ఈ లిపిని చూసి జిలేబీలంటారు. కాబట్టి ఈ పుస్తకాన్ని అన్నం తినే చోట తెరిచిపెట్టినా బీరువాలో దాచినట్టే.

రాయవలసింది ఒక్కటే. నిన్న తెల్లవారుజామున నేను బెలూన్ వదల్లేదు.

వదలడానికి గ్యాస్ లేదు. ఖాళీ సిలిండర్లు మద్రాసు వెళ్ళాయి, నిండినవి ఇంకా తిరిగి రాలేదు. శుక్రవారం నుంచి మా వాతావరణ ఆఫీసు డాబా మీద నేనూ, దుర్భిణీ, కాకులూ తప్ప ఎవరూ లేరు. డ్యూటీ మాత్రం డ్యూటీయే కాబట్టి చీకటితో లేచి, మా పేట నెల్లితోపు నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఆకాశం చూసి వస్తున్నాను.

నిన్న సముద్రం మీద కనిపించినదాన్ని నేనూ చూశాను. ఏం చూశానో రాయను.

13 సెప్టెంబరు

ఊరంతా అదే మాట. పాలవాడు పళ్ళెమంత ఉందన్నాడు. పూలమ్మి బండి చక్రమంత ఉందంది. సాయంత్రానికి టౌన్ బస్సులో అది కోవెల గోపురమంత అయింది. మొన్న జూలైలో ఆ అమెరికా వాళ్ళ స్కైలాబ్ నెత్తిన పడుతుందని మేకలు కోసుకు తిన్న జనం. ఇప్పుడు కోళ్ళ మీద పడ్డారు.

సౌభాగ్యం కూడా చూసిందట. వాకిట్లో ముగ్గు వేస్తూ తలెత్తితే తూర్పున కనబడిందట. "ఏందండీ అది?" అని అడిగింది. తెలియదన్నాను. ఆ మాట నిజం.

14 సెప్టెంబరు, శుక్రవారం

సముద్రం ఒడ్డున వైతికుప్పంలో ఉండే జాలరి జనం ఆఫీసు గేటు దగ్గరికి వచ్చారు. నన్ను చూడాలన్నారట. నేను లేనని చెప్పించాను.

వాళ్ళు నా దగ్గరికే రావడంలో విడ్డూరం లేదు. రోజూ వేకువన బెలూన్‌కు కాగితం లాంతరు కట్టి, అందులో కొవ్వొత్తి వెలిగించి వదులుతాను. చీకట్లో బెలూన్ కనబడదు కదా, ఆ లాంతరును దుర్భిణీలో పట్టుకుని గాలి లెక్క కడతాను. నా లెక్క నాది. వైతికుప్పం వాళ్ళ లెక్క వాళ్ళది. కట్టుమరాలు, ఆ దుంగల తెప్పలు, అలల దాకా తోసి, నా లాంతరు లేచేవరకు ఒడ్డున ఆగుతారు. అది ఎటు కొట్టుకుపోతుందో చూసి, అప్పుడు కదులుతారు. నేను ఈ ఊరికి బదిలీ మీద తిరిగొచ్చినప్పటి నుంచి ఇదే ఆచారం. వాళ్ళు దానికి నాయుడు దీపం అని పేరు పెట్టుకున్నారు. వరదలో గవర్నమెంటు గొడుగు పట్టకపోయినా, దాని గుమాస్తా పేరుతో ఒక దీపమైతే ఉంది.

లాంతరు లేవని రోజు ఎందుకు లేవలేదని అడిగించుకుంటారు. పోయిన సోమవారం కూడా కనగం అడిగింది. కనగం మా వీధిలో చేపలమ్ముతుంది, వైతికుప్పం పెద్ద అళగేశన్ భార్య. "ఏం నాయుడయ్యా, నాలుగు దినాలుగా దీపం లేదే?" అంది. "గ్యాస్ రాలేదమ్మా, లారీ వస్తేగానీ లేదు" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానా అని ఈ రోజు అనిపిస్తోంది.

15 సెప్టెంబరు, శనివారం

మద్రాసు నుంచి అనంతరామన్ గారు వచ్చారు. మా పై అధికారి. ఆయన వెంట ఇద్దరు వచ్చారు, వాళ్ళు పేర్లు చెప్పలేదు, కాఫీ తాగలేదు. డాబా ఎక్కి సముద్రం చూశారు. నన్ను హిందీలో నాలుగు ప్రశ్నలు అడిగారు, నాలుగింటికీ అనంతరామన్ గారే జవాబు చెప్పారు.

వాళ్ళు వెళ్ళాక ఆయన తలుపు వేసి కూర్చోబెట్టారు. పేపరుకు ఇవ్వబోయే వార్త ఇంగ్లీషులో చదివి వినిపించారు. మంగళవారం వేకువన కనిపించినది మా ఆఫీసు మామూలుగా వదిలే గాలి బెలూన్ అని అందులో ఉంది.

గ్యాస్ లేదు కదా సార్ అన్నాను. తెలుసన్నారు. ఈ ఊరిని పక్క రాష్ట్రంలో కలిపేస్తారని ఏడాది మొదట్లో జరిగిన గొడవలు గుర్తు చేశారు. అసెంబ్లీ కూడా లేని సమయం, జనం బెదిరితే ఎవరు ఆపుతారన్నారు. ఊరికి పేపరు చాలు, వైతికుప్పానికి చాలదు, వాళ్ళకు మీ నోటితో చెప్పాలి అన్నారు. ఒక్క మాట. అంతకు మించి నేను ఏమీ చెయ్యనక్కర్లేదు.

లేకపోతే అని నేను అడగలేదు. ఆయనే మినికాయ్ దీవిలో ఒక పోస్టు ఖాళీగా ఉందన్నారు. అక్కడికి ఓడ నెలకోసారి పోతుందట. ఊరికే కబుర్లలో చెప్పినట్టు చెప్పారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా విషయంలో వెనక సముద్రం.

రాత్రి సౌభాగ్యంతో అన్నాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? సర్కారు చెప్పమన్నది చెప్పేసి రండి" అంది. మినికాయ్ ఎక్కడుందో పిల్లల అట్లాసులో వెతికింది. దొరికాక పుస్తకం మూసేసింది.

16 సెప్టెంబరు, ఆదివారం

చెప్పాను.

17 సెప్టెంబరు

ఒక్క మాటే కదా. ఎవరి గంజిలో నేను మన్ను పోశాను? జనం భయం పోయింది. కోళ్ళు బతికాయి.

18 సెప్టెంబరు

నిన్న రాసింది చదువుకుంటే సిగ్గేసింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

జీపులో తీసుకెళ్ళారు. మైకు కూడా ఉంది. వలలు ఆరేసే చోట ఊరంతా చేరింది. ముందు అనంతరామన్ గారు మాట్లాడారు. హైడ్రోజన్, గాలి పొరలు, కాంతి వంగడం అన్నీ చక్కని తమిళంలో చెప్పారు. ఆయన ముగించాక అళగేశన్ లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకన పెట్టుకుని, నా వైపే తిరిగాడు. వాడన్నది తమిళంలోనే అయినా నా చెవికి మా ఇంటి తెలుగులో వినబడింది, అలాగే రాస్తున్నాను.

"మేము సర్కారును అడగలా. నాయుడు సార్‌ను అడగతా ఉండాం. అది మీ దీపమేనా సార్?"

"నా దీపమే."

మైకు అవసరమే పడలేదు. జనంలో ముందు వరసలో కనగం కూర్చుని ఉంది. గ్యాస్ లేదని నేను చెప్పింది ఈవిడకే. నా వైపు చూసి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, తల దించుకుంది. ఆమె నోరు తెరిచి ఉంటే అక్కడే నా పరువు పోయేది. తెరవలేదు. నా మర్యాద కాపాడింది. అది నాకు దెబ్బ కన్నా ఎక్కువగా తగిలింది.

అళగేశన్ "సరే సార్" అన్నాడు. తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. అందరూ లేచి వెళ్ళిపోయారు.

20 సెప్టెంబరు

కనగం మా వీధికి రావడం లేదు. సౌభాగ్యం మార్కెట్లో కొంటోంది, మెత్తబడ్డ చేప.

22 సెప్టెంబరు

పేపర్లో నా పేరు పడింది. ఇనిషియల్ తప్పు. ఊరు మాత్రం నమ్మింది. రేషన్ కొట్టు దగ్గర ఒకాయన చేయి కలిపి, మీ వల్ల హాయిగా నిద్రపట్టింది సార్ అన్నాడు. టీ కొట్టులో కుర్రాళ్ళు బెలూన్ నాయుడు అని పిలుస్తున్నారు. నవ్వాను. నవ్వకపోతే ఏం చేసేది?

నమ్మనిది వైతికుప్పం ఒక్కటే. వాళ్ళు నమ్మనక్కర్లేదు, వాళ్ళకు తెలుసు.

25 సెప్టెంబరు

సిలిండర్లు వచ్చాయి. ఈ వేకువన లాంతరు కట్టి వదిలాను. బాగా లేచింది. అలవాటు కొద్దీ దుర్భిణీని ఒక్క క్షణం ఒడ్డు వైపు తిప్పాను. కట్టుమరాలు ఒడ్డున లేవు. అప్పటికే అలలు దాటి వెళ్ళిపోయాయి. లాంతరు నెత్తి మీదుగా పోతుంటే ఒక్కరు కూడా తలెత్తలేదు.

పొరపాటున తొందరపడి ఉంటారు. రేపు చూడాలి.

26 సెప్టెంబరు

పొరపాటు కాదు.

3 అక్టోబరు

ఇవాళ ఆఫీసులో ఆలస్యమవుతుందని సౌభాగ్యానికి చెప్పాను. "నిజంగానా?" అంది.

పెళ్ళయిన నాటి నుంచి ఆ మాట ఆమె నోట వినలేదు. తనూ అది అన్నాక కంగారుపడి, ఊరికే అన్నానండీ అంది. నిజంగానే ఆలస్యమైంది. ఇంటికొచ్చి, ఏం పని వల్ల ఆలస్యమైందో పూసగుచ్చినట్టు చెప్పాను. నేను చెప్పేకొద్దీ ఆమె ముఖంలో అనుమానం పెరిగింది. నిజం చెప్పేవాడు ఇంత వివరంగా చెప్పడని నాకు మధ్యలో తోచింది గానీ ఆపలేకపోయాను.

9 అక్టోబరు, మంగళవారం

బంగాళాఖాతంలో వాయుగుండం. మా తీరానికి రావచ్చు. రేవులో స్తంభానికి హెచ్చరిక గుర్తు ఎక్కించారు. ఆ గుర్తు వైతికుప్పం వాళ్ళకు ఎప్పుడూ అలంకారమే. నేను సైకిలు మీద వెళ్ళి చెబితేనే పడవలు ఇసకలోకి లాగేవాళ్ళు. ఏడేళ్ళ క్రితం పెద్ద తుఫాను కొట్టినప్పుడు ఈ ఊళ్ళో ఒక్క ప్రాణం పోలేదంటే అందుకే. ఆ విషయం నేను గొప్పకు రాయడం లేదు. గొప్పకే రాస్తున్నాను, ఇంకేం మిగిలింది?

వెళ్ళి చెప్పాను. వలలు అల్లుతున్న వాళ్ళు అల్లుతూనే విన్నారు. తాగడానికి నీళ్ళిచ్చారు. సరే సార్ అన్నారు.

10 అక్టోబరు

వెళ్ళారు. అందరూ వెళ్ళారు. నేను డాబా మీద పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్క తెరచాప కనుమరుగవుతుంటే లెక్కపెట్టాను. వాళ్ళు పోతే ఆ పాపం నాది. సర్కారుది కాదు, అనంతరామన్ గారిది కాదు. నాది.

11 అక్టోబరు

వాయుగుండం ఉత్తరానికి మళ్ళింది. వెళ్ళినవాళ్ళందరూ క్షేమంగా వచ్చారు. వలలు చిరిగేంత చేప పడిందట.

దేవుడున్నాడు.

14 అక్టోబరు, ఆదివారం

కనగం వచ్చింది. నెల తర్వాత. బుట్ట దించి, చేతి పొడుగు వంజరం తీసి గుమ్మం మీద పెట్టింది. ధర అడిగితే, ఇది అమ్మడానికి తేలేదంది. మా వీధుల్లో తిరిగి తిరిగి నేర్చుకున్న తెలుగు ఆమెది.

"ఇది మీ తుఫాను ఇచ్చిన చేప. మా ఇంటి ఆయప్ప ఇచ్చి రమ్మన్నాడు."

ఆమె బుట్ట ఎత్తుకుని, మళ్ళీ దించింది.

"గ్యాస్ లేదని నాకు చెప్పింది మీరే కదా నాయుడయ్యా. నా మొగం చూస్తా ఎట్ల చెప్పినారు ఆ మాట?"

ఆఫీసుకు టైమైందని లోపలికి వచ్చేశాను. ఆదివారం.

సౌభాగ్యం చేప వండింది. పిల్లలు లొట్టలేసుకుని తిన్నారు. నేను మజ్జిగ పోసుకుని లేచిపోయాను.

23 అక్టోబరు, మంగళవారం

సెలవు పెట్టి మద్రాసు వెళ్ళాను. అనంతరామన్ గారు విసుక్కోకుండా కూర్చోమన్నారు. దారంతా కంఠస్థం పెట్టిన మాటలు చెప్పాను. అది మా బెలూన్ కాదని నాకొక్కసారి ఆ ఒడ్డున చెప్పే అనుమతి ఇవ్వండి. అదేమిటో చెప్పనక్కర్లేదు. మాకు తెలియదని చెబుతాను, అంతే. ఇక్కడి వానాకాలం ఇప్పుడే మొదలైంది, నా మాట చెల్లకపోతే వాళ్ళ ప్రాణాలు పోతాయి.

ఆయన లేచి తలుపు వేశారు. తర్వాత మెల్లగా అన్నారు, "గవర్నమెంటుకు తెలియదని గవర్నమెంటు చెప్పదు వెంకటాద్రీ."

"మీకైనా తెలుసా సార్, అదేమిటో?"

"నాకూ తెలియదు. నన్నూ అడగొద్దన్నారు. నిజం చెప్పమంటే మన దగ్గర దాచడానికి ఏమీ లేదయ్యా. తెలియదన్నదే దాస్తున్నాం."

ఆయనను తిట్టుకుందామని వెళ్ళాను. తిట్టుకోలేకపోయాను. ఆయన కూతురి పెళ్ళి పత్రిక ఇచ్చారు. గేటు దాకా వచ్చి, నోరు జారితే మినికాయ్‌తో పోదు, ఉద్యోగమే పోతుంది, నాదీ మీదీ కూడా అన్నారు. బెదిరింపు కాదు. బతిమాలినట్టు అన్నారు.

24 అక్టోబరు

ఏం చూశానో ఇప్పుడు రాస్తాను. ఎవరికీ చెప్పలేనిది ఇక్కడైనా ఉండాలి.

డాబా ఎక్కేసరికి తూర్పున, సముద్రం మీద, చుక్కల కన్నా కిందుగా ఒక వెలుగు నిలబడి ఉంది. తెలుపు, అంచున కొంచెం ఎరుపు. ఓడ దీపమనుకున్నాను. ఓడకైతే అంత ఎత్తు ఉండదు. ఆ వేకువన గాలి నేల మీంచి సముద్రానికి వీస్తోంది, నా చొక్కా వీపున కొట్టుకుంటోంది. అంత గాలిలో బెలూన్ నిలవదు. అది నిలిచింది. దుర్భిణీలో పట్టుకున్నాను. లాంతరు లేదు, కట్టిన దారం లేదు, వెలుగు తప్ప ఇంకేమీ లేదు. చప్పుడు లేదు. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత దక్షిణానికి పోయింది. దుర్భిణీని నేను తిప్పేలోపు పోయింది.

నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. పుట్టి బుద్ధెరిగి ఆకాశం చూస్తున్నవాణ్ణి, నాకు తెలియనిది ఇంకా ఉందని సంతోషం వేసింది. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. కిందికి దిగి వైతికుప్పం వెళ్ళి, మీరూ చూశారా అని అడగాలనిపించింది. సైకిలు తాళం కూడా తీశాను. డ్యూటీ ఉందని ఆగిపోయాను.

ఆ రోజు వెళ్ళి ఉండవలసింది.

6 నవంబరు

వాన. ఏమీ లేదు.

12 నవంబరు, సోమవారం

మళ్ళీ వాయుగుండం. ఈసారి బలంగా ఉంది. బెలూన్ ఈ వేకువన నేను ఎన్నడూ చూడని దిక్కుకు కొట్టుకుపోయింది. పాదరసం దిగుతోంది.

13 నవంబరు

ఇంకా దిగుతోంది. రేపో ఎల్లుండో కొడుతుంది, కడలూరుకూ మనకూ మధ్య. మద్రాసు తంతి కూడా అదే. వైతికుప్పం వెళ్ళాను. నీళ్ళిచ్చారు. సరే సార్ అన్నారు.

మొన్న ఊరకుండి పోగొట్టుకున్న చేప మళ్ళీ రాదని ఒక ముసలామె నాకు వినబడేలాగే అంది. మొన్న వాళ్ళు ఊరకున్నదీ లేదు, పోగొట్టుకున్నదీ లేదు. నా మాట వింటే పోగొట్టుకునేవాళ్ళమని ఆమె భావం.

14 నవంబరు, బుధవారం

కళ్ళజోడు లేదు. అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తాను.

వేకువన బెలూన్ వదలకుండానే డాబా దిగాను. నా సర్వీసులో డ్యూటీ వదలడం ఇదే మొదలు. వైతికుప్పం చేరేసరికి కట్టుమరాలు అలల దగ్గర ఉన్నాయి. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. అలా ఉండడమే నాకు భయం. అళగేశన్ పడవకు అడ్డం నిలబడ్డాను. పోవద్దని చెప్పాను. తువ్వాలు తలకు చుట్టుకుంటూ, అలాగే సార్ అని పక్క నుంచి తోయబోయాడు.

అప్పుడు చెప్పేశాను. అనంతరామన్ గారి మాటా, మినికాయ్, ఉద్యోగం అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే చెప్పాను. ఆ దినం అది నా దీపం కాదు, నేను బెలూన్ వదల్లేదు, అబద్ధం చెప్పాను అని అందరూ వినేలా చెప్పాను.

ఎవరూ ఉలిక్కిపడలేదు. అళగేశన్ తోయడం ఆపి, పడవ మీద చెయ్యి ఆనించాడు.

"అది మాకు ఆ దినమే తెలుసు. ఆ వెలుగు ఏందో మాకక్కర్లేదు సార్. సముద్రంలో తెలియనివి శానా చూస్తా ఉంటాం. తెలియదని ఒక మాట చెప్పింటే సరిపోయుండు." తువ్వాలు ముడి బిగిస్తూ మళ్ళీ అన్నాడు, "పైవాళ్ళు చెప్పమంటే చెప్తారు, వద్దంటే మానేస్తారు. ఈ దినం చెప్పేది మీ మాటో, వాళ్ళ మాటో మాకెట్ల తెలిసేది?"

నిజం చెప్పేస్తే భారం దిగుతుందని, వెంటనే నమ్ముతారని నెల నుంచి అనుకుంటూ ఉన్నాను. నేనెంత తెలివితక్కువవాణ్ణి. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నవాడు అబద్ధాలకోరు కాకుండా పోతాడా? చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి, వాడి కట్టుమరం మీద ఎక్కి కూర్చున్నాను.

కొందరు నవ్వారు. దిగండి సార్ అన్నాడు అళగేశన్. దిగనన్నాను. మీరు పోయేదైతే నేనూ వస్తానన్నాను. వాడికి కోపం వచ్చింది. ఇంకో ఇద్దరిని పిలిచి, నిజంగానే తోసేశాడు.

నాలుగు దుంగలు తాళ్ళతో కట్టినది. దుంగల సందుల్లోంచి నీళ్ళు పైకి వస్తాయి. మొదటి అలకే నిలువునా తడిసిపోయాను. రెండో అలకు కళ్ళజోడు పోయింది. తాడు పట్టుకుని, సౌభాగ్యాన్నీ పిల్లలనూ తలుచుకుని, గట్టిగా ఏడ్చాను. ఏడ్చానని రాయడానికి నాకు సిగ్గు లేదు. నాకు సముద్రమంటే చచ్చేంత భయం, నేను దాన్ని డాబా మీంచి మాత్రమే ఎరుగుదును. అలలు దాటాక అళగేశన్ తెడ్డు ఆపి నన్ను చూశాడు.

"ఈత వస్తుందా?"

"రాదు."

వాడు పడవ తిప్పాడు.

ఒడ్డుకు చేరాక మిగతా వాళ్ళతో, ఈయన ఈత రాకుండా ఎక్కినాడు, పడవలు లాగండి అని మాత్రం అన్నాడు. లాగారు. అన్నీ, కొబ్బరి చెట్ల దాకా. కనగం తన కొంగుతో నా తల తుడిచింది. అళగేశన్ నన్ను రోడ్డు దాకా దిగబెట్టి, సైకిలు చేతికిచ్చి అన్నాడు.

"మీ మాట మీద కాదు, మీ ప్రాణం మీద లాగినాం. ఈ తూరి కూడా తుఫాను రాకపోతే, ఇంక మా ఊరికి రాబాకండి సార్."

15 నవంబరు, గురువారం

గాలి లేదు. పడవలన్నీ ఇసకలోనే ఉన్నాయి. నిన్నటి సంగతి అప్పుడే మద్రాసుకు తెలిసిపోయింది, సోమవారం అనంతరామన్ గారు వస్తున్నారు. ఆ సంగతి నాకు పెద్దగా పట్టడం లేదు. రోజంతా డాబా మీదే ఉన్నాను. పాదరసం దగ్గరికి వెళ్ళడం, రావడం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. నాకు కప్పా నేనే, పామూ నేనే.

ఒక సంగతి రాసుకోవాలి. ఈ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఏ తుఫానూ రావద్దనే కోరుకున్నాను. ఇవాళ రావాలని కోరుకుంటున్నాను. కనగం గుడిసె అలల వైపు మొదటి వరసలో ఉంది. దాని మీది తాటాకులు ఈ డాబా మీంచి కనిపిస్తాయి. కనిపిస్తూనే ఉన్నాయి, అయినా కోరుకుంటున్నాను. పెద్దది వద్దు స్వామీ, చిన్నది చాలు అని బేరమాడుతున్నాను. గుడిసెలో మనుషులుంటారని తెలిసి బేరమాడుతున్నాను.

16 నవంబరు, శుక్రవారం

మధ్యాహ్నం తంతి వచ్చింది. వాయుగుండం ఉత్తరానికి మళ్ళింది. మన తీరానికి ప్రమాదం లేదు. పాదరసం పైకి లేస్తోంది.

డిసెంబరు ఇంకా ముందుంది. ఈ ఏటి వానాకాలం సగం మిగిలే ఉంది, వైతికుప్పం దారి మాత్రం నాకు మూసుకుపోయింది.

ఇంటికొచ్చేసరికి రేడియోలో విని సౌభాగ్యం టెంకాయ కొట్టింది. ఊరు గట్టెక్కిందండీ, వైతికుప్పం వాళ్ళూ గట్టెక్కారు, అంతా మీ పుణ్యమే అని హారతి పళ్ళెం నా ముందుకు తెచ్చింది. కళ్ళకద్దుకోవడానికి చెయ్యి రాలేదు.